‘వదాన్యుడు’ అను మాట

ఈ సంచికలో భాషాపాఠమునకై కేటాయించు పుటలలో సంధియో, సమాసమో, అలంకారమో చెప్పుట వాడుక. ఈ యేడు ఒక్క మాటను మాత్రమే తీసికొనుచున్నాను. ఆ మాట ‘వదాన్యుడు’. విద్యార్థులారా, మీరు దీనిని పద్యభాగమున చదివియుందురు. ‘వదాన్యుడు అనగా దాత’ అని అర్థము వ్రాసికొని, పరీక్షలో అట్లే వ్రాసి, మార్కును గూడ పొందియుందురు. ఆ అర్థము తప్పు కాదు. కాని అది సగము. మిగిలిన సగమును వెదకవలసిన పని నాకు కలిగించినవాడు మీవంటి బాలుడొకడు.

కొన్నియేండ్ల క్రిందటి సంగతి. బడులు తెరచిన జూన్ మాసమున పాత విద్యార్థులును, తలిదండ్రులు కొందరును కలిసి, కొనజాలని పిల్లలకొరకు పుస్తకములు తెచ్చి యిచ్చిరి. వానిని పంచు పని నాకు వచ్చెను. ఉదయము ప్రార్థన ముగిసిన పిమ్మట పిల్లలందరును వరుసలలో నిలిచియుండగా, నేను జాబితా చేతబట్టుకొని, ‘ధర్మ పుస్తకములు తీసికొనవలసినవారు’ అని గట్టిగా చెప్పి, పేరు పేరున పిలిచితిని. ఒక్కొక్కరే వచ్చి తీసికొనిరి. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తల వంచుకొని వచ్చి, తన కట్ట తీసికొని, మరల వరుసలోనికి పోయెను. మరునాడు ఆ కట్టను త్రాడైన విప్పకుండ నా బల్లమీద పెట్టి, ‘‘సార్, ధర్మం పుస్తకాలు వద్దన్నడు మా నాయిన’’ అనెను.

వాని తండ్రి మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లున హమాలీ. ఆదివారమున నేనే వారి యింటికి పోతిని. ఆయన నన్ను మంచముమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, కోపమేమియు లేకుండ ఒక్క ప్రశ్న వేసెను: ‘‘బస్తా మోస్తే కూలి ఇస్తరు, అది నాది. ఈ పుస్తకాలు ఎవరివి సారూ?’’

నాకు సమాధానము తోచలేదు. ఇచ్చినవారివా? బడివా? పిల్లవానివా? బస్సులో తిరిగి వచ్చునంతసేపును ఆ ప్రశ్నయే నా చెవిలో నుండెను. ఇల్లు చేరి నిఘంటువు తెరచితిని. కష్టము వచ్చినప్పుడు తెలుగు పంతులు చేయగలిగినది అదియే కదా!

నిఘంటువులలో ‘వదాన్య’ శబ్దమునకు రెండర్థములు కనబడును. మిక్కిలి యిచ్చువాడని యొకటి. ప్రియముగా మాటలాడువాడని రెండవది. వైయాకరణులు దీనిని ‘వద’ ధాతువునుండి సాధింతురు. వద యనగా పలుకుట. వాదము, సంవాదము, అనువాదము, వదనము అనునవి యెల్ల ఆ ధాతువు సంతానమే. దానికిని దానశీలమునకును ఏమి సంబంధము? అమరసింహుని కోశమును ప్రక్కన బెట్టుకొని చూచిన ఈ మాటయొక్క విశేషము తెలియును. ఆయన బ్రహ్మవర్గమున దానమునకు పదమూడు పర్యాయపదములను కూర్చెను. వానిలో త్యాగము, ఉత్సర్జనము, విసర్జనము అనునవి విడిచిపెట్టుటను తెలుపును. స్పర్శనము తాకి యిచ్చుట. వితరణము దాటించుటనుండి వచ్చినది, ఈ యొడ్డున నున్నదానిని ఆ యొడ్డునకు చేర్చుట వంటిది. హిందీలో ఈ మాటకు పంపిణీ యను అర్థము స్థిరపడినదిగాని, తెలుగున ‘వితరణశీలి’ యనిన నేటికిని ఉదారుడనియే గ్రహింతుము.

ఇక ఇచ్చువానికి మరియొకచోట అమరుడు నాలుగు పేర్లు చెప్పెను: వదాన్యుడు, స్థూలలక్ష్యుడు, దానశౌండుడు, బహుప్రదుడు. బహుప్రదుడు విస్తారముగ నిచ్చువాడు; ఇందు వివరింపవలసినది లేదు. స్థూలలక్ష్యుడు పెద్ద గురి గలవాడు, అనగా చిల్లర లెక్కలు చూడనివాడు. దానశౌండుని తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. శౌండుడనగా మత్తుగొన్నవాడు. కల్లునకు అలవాటుపడినవాడు కల్లును విడువలేనట్లు ఇతడు ఇచ్చుటను విడువలేడు. అట్టివారు మన ఊళ్లలోను లేకపోలేదు. వారి యిల్లాండ్ర నడిగిన ఆ కథలు తెలియును. ఈ నాలుగు పేర్లలో మూడు ఎంత ఇచ్చెను, ఎట్లు ఇచ్చెను అను లెక్కకు సంబంధించినవి. వదాన్యుని పేరొక్కటియే నోటిని ఆశ్రయించుకొని యున్నది.

వాడుకను గూర్చి రెండు మాటలు. వదాన్యుడు, వదాన్యురాలు అని మనుష్యులను గూర్చి వ్రాయవలెను. గుణమును చెప్పునప్పుడు వదాన్యత యనవలెను. ఈ మాట కుదిరినది గదా యని మీలో కొందరు ‘ఔదార్యత’ యని కూడ వ్రాయుచున్నారు. అది పొరపాటు. ఉదారుని గుణము ఔదార్యము. భావార్థము అందులోనే చేరియున్నది. దానిపై మరల ‘త’ చేర్చుట, చొక్కామీద చొక్కా తొడుగుట వంటిది. ఉదారత యనుడు, లేదా ఔదార్యమనుడు. ధైర్యత, సౌందర్యత అనునవియు ఈ జాతివే. దాతృత్వము సరియైనది, ‘దాతృత్వత’ కాదు. మరియొక సంగతి. దానమన్నంత మాత్రమున అది వదాన్యత కానేరదు. రాజనీతిలో సామ దాన భేద దండములని నాలుగుపాయములు చెప్పుదురు. అందలి దానము శత్రువును లోబరచుకొనుటకు పెట్టు ఎర. ఏనుగు మదజలమునకు గూడ సంస్కృతమున దానమనియే పేరు. కవులు ఆ శ్లేషతో ఎంతయో ఆడుకొనిరి.

మహాకవులు ఈ మాటను ఎట్లు వాడిరో చూతము. కాళిదాసు రఘువంశము అయిదవ సర్గలో ఒక కథ కలదు. రఘుమహారాజు విశ్వజిత్తను యాగము చేసి, తనకున్న సర్వస్వమును దక్షిణగా ఇచ్చివేసెను. అట్టి సమయమున వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుడు గురుదక్షిణకై వెదకుచు అతనియొద్దకు వచ్చెను. బంగారు పాత్రలన్నియు పోయినవి గనుక రాజు మట్టిపాత్రలో అర్ఘ్యము తెచ్చి యెదురేగెను. ఆసనమిచ్చెను. మీ గురువు కుశలమా, ఆశ్రమమందలి చెట్లు కుశలమా, లేళ్ల పిల్లలు కుశలమా యని అడిగెను. కౌత్సుడు ఆ మట్టిపాత్రను చూచినప్పుడే సంగతి గ్రహించి, అడుగక, ఆశీర్వదించి, వేరొకచోటికి పోబోయెను. రఘువు అతనిని ఆపి, ఏమి కావలయును, ఎంత కావలయును అని అడిగి తెలిసికొనెను. పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు! అప్పుడు రఘువు చెప్పిన సమాధానములో మన మాట వచ్చును. రఘువు నడుగవచ్చినవాడు ఫలము గానక మరియొక వదాన్యుని వెదకుకొనుచు పోయెనను నింద నాతో మొదలు కారాదని, రెండు మూడు దినములు తన అగ్నిగృహమున నిలువుమని అతడు వేడుకొనెను.

ఇక్కడ కొంత నిలిచి ఆలోచింపుడు. ఆ క్షణమున రఘువు చేతిలో ఇచ్చుటకు చిల్లిగవ్వ లేదు. ఉన్నది మాట మాత్రమే. అతిథిని కించపరుపని మాట, చెట్లను లేళ్లను గూడ మరువని మాట, ‘ఎంత?’ యని సిగ్గుపడకుండ అడిగిన మాట. తరువాత కుబేరునిపై దండెత్త దలచుటయు, తెల్లవారుసరికి బొక్కసమున బంగారు వాన కురిసియుండుటయు కథలోని యద్భుతములు. నాకు వానికంటె దాని తరువాతి ఘట్టము గొప్పదిగ తోచును. రఘువు ఆ బంగారమంతయు తీసికొమ్మనెను. కౌత్సుడు గురువున కియ్యవలసినదానికంటె ఒక్క రవ్వయు ఎక్కువ వద్దనెను. సాకేతపురవాసులు ఇద్దరిని మెచ్చుకొనిరని కవి చెప్పెను. ఇచ్చినవాని నొక్కనినే కాదు, లెక్కగా అడిగి లెక్కగా తీసికొన్నవానిని గూడ! దాతలను పొగడిన కావ్యములు మనకు కొల్లలుగ నున్నవి. తీసికొన్నవానిని దాతతో సరిసమానముగ నిలువబెట్టిన చోట్లు అరుదు.

కావ్యములు అటుండనిండు. మన యిండ్లలోని తెలుగు ఈ విషయమును ఎంత సూక్ష్మముగ నెరుగునో చూడుడు. ‘ఇచ్చు’ అను ధాతువునకు ‘ఈ’ అనునది మూలరూపము. ఈయక, ఈవలెను అనుచోట్ల అది కనబడును. దానినుండియే ఈవి, ఈగి అను అచ్చతెలుగు మాటలు పుట్టినవి. రెండింటికిని దానమనియే అర్థము. అరవమున ‘ఈగై’ యని దీని తోబుట్టువు కలదు. తిరుక్కురళులో ఇరువదిమూడవ అధ్యాయమునకు అదియే పేరు. కాని యింట మనము ఎల్లప్పుడు ‘ఇచ్చు’ అనము. చుట్టమునకు అన్నము పెట్టుదుము. ఎండన పడి వచ్చినవానికి మజ్జిగ పోయుదుము. భూమిని ధారపోయుదుము, ఏలనన పూర్వము నీళ్లు విడిచి యిచ్చెడివారు. బిచ్చగానికో, బిచ్చము వేయుదుము! పశువునకు మేతయు వేయుదుము. ఒకే అన్నము, ఒకే కుండలోనిది. చుట్టమునకు పెట్టబడినది, వాకిట నిలిచినవానికి వేయబడినది. క్రియ మారినంతనే మనిషి యెత్తు మారిపోయెను.

మన పెద్దలు దీనిని ఎరుగకపోలేదు. బియ్యము అయిపోయినవనుటకు ‘నిండుకొన్నవి’ యనెదరు. బిచ్చమునకు వచ్చినవానికి లేదని చెప్పక, ‘చేయి ఖాళీ లేదు, మళ్లీ రా’ అనెదరు. ఇచ్చిన మేలును మరల మరల యెత్తి చూపుటకు తెలుగున ‘దెప్పు’ అని ప్రత్యేకముగ నొక మాట కలదు. ఆ పని చేయువారు తక్కువగ నుండినచో దానికొక మాట యేల పుట్టును? మీరు విన్న అత్తాకోడళ్ల కథ యిచట జ్ఞప్తికి వచ్చును. కోడలు బిచ్చగానికి లేదు పొమ్మనెను. వీధి మలుపున అత్త యెదురై, నా యింట లేదని చెప్పుటకు అది యెవతె, రమ్మని వానిని వెంటబెట్టుకొని వచ్చి, గడపయెక్కి నిలిచి, ‘లేదు, ఇప్పుడు పో’ యనెను. పిల్లలు దీనిని విని నవ్వుదురు. నేనును నవ్వితిని, ప్రార్థనవేళ జాబితా చదివిన నాటినుండి నాకు ఆ అత్తను చూచి నవ్వుటకు అంతగా నోరు రాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములు వరిపొలముల సీమ. 1967లో నాగార్జునసాగరము నీరు విడుదలయైన తరువాత ఎడమకాలువ క్రింద ఇది మరింత పెరిగినది. కావున ‘పరిగె’ యను మాట మీ తాతలకు తెలియును. కోతలైన పిమ్మట పొలమున రాలిన వెన్నులను పరిగె యందురు. బీదలు వానిని ఏరుకొనుట ఆచారము. ఇప్పుడు యంత్రములు కోయుచుండుటచే పరిగెకు మిగులునది తక్కువ. ఆ మాటయు పొలమునుండి తొలగి పుస్తకములలోనికి పోవుచున్నది. తెలుగు బైబిలులో రూతు కథయందు ఈ మాటయే వాడబడినది. విదేశస్త్రీయు విధవయునగు రూతు బోయజు పొలమున పరిగె యేరుకొనుచుండగా, ఆయన తన పనివాండ్రతో రెండు మాటలు చెప్పెను. ఆమెకొరకు పిడికెళ్లు కావలెననియే జారవిడువుడనుట యొకటి. ఆమెను గద్దింపకుడనుట యొకటి. గింజలు చేతినుండి జారినవి. ఎవరు ఇచ్చిరో ఆమెకు తెలియదు. ఆమె ఏరుకొన్నది తన కష్టముగనే యింటికి మోసికొనిపోయినది. బోయజు ఇచ్చినదానిలో పిడికెడు యవలకంటె ఆ రెండవ యాజ్ఞ గొప్పదని నా యభిప్రాయము. మన ఊళ్లలోని ముస్లిము సోదరులను అడుగుడు, జకాతు దయతలచి యిచ్చునది కాదనియు చెల్లింపవలసినదనియు చెప్పుదురు. నొప్పించు మాట వెంటవచ్చు దానముకంటె మంచి మాట మేలని ఖురాను రెండవ సూరాలో గలదు.

ఇచ్చినవాని పేరు మాట యేమి? సూర్యాపేటకు సమీపమున పిల్లలమర్రి కలదు. కాకతీయుల కాలమున రేచర్ల రెడ్లు అక్కడ గుళ్లు కట్టించిరి. నామిరెడ్డి పేర నామేశ్వరము, ఎరకసాని పేర ఎరకేశ్వరము వెలసినవి. ఎరకేశ్వరాలయము 1208వ సంవత్సరము నాటిది. ఎనిమిదివందల యేండ్లు దాటినను ఆ పేర్లు నిలిచియున్నవి. అట్టి కాలపు దానశాసనముల చివర, ఇచ్చిన భూమిని మరల అపహరించినవానికి శాపము వ్రాయుట సామాన్యము. ఇచ్చుటకంటె ఇచ్చినదానిని కాపాడుట మేలను శ్లోకమును చెక్కించెడివారు. కావున రాతిమీది పేరు కీర్తికొరకు మాత్రమే కాదు, అది పత్రము, సాక్ష్యము. ఈ సంగతి మరచి మనము గాలిపంకా రెక్కలమీద దాతల పేర్లు వ్రాయించుచున్నాము. పంకా తిరుగునంతసేపు ఆ పేరు చదువుటకు రాదు. విద్యుత్తు పోయి, చెమటలు కారుచు, పైకి చూచినప్పుడే కనబడును. ఆ సమయమున ఎవరును దాతను తలచుకొని మెచ్చుకొనుట నేను వినలేదు. పదిరూపాయల చందా యిచ్చినవానిని ఆహ్వానపత్రికలో ‘వదాన్యశిరోమణి’ యని అచ్చువేయుటయు నిట్టిదే. అంత పెద్ద మాటను అంత చిన్న పనికి ఖర్చుపెట్టిన, నిజముగ కావలసినప్పుడు మనయొద్ద మాట మిగులదు.

అట్టి మాట నిజముగ అవసరమైన దిన మొకటి మన పూర్వపు నల్లగొండ జిల్లాలోనే వచ్చినది. దానిని తెలిసికొనుటకు ముందు ఆ కాలపు మరియొక మాటను తెలిసికొనవలెను: ‘నీ బాంచెను దొరా, కాల్మొక్త’. బాంచె యనగా దాసి. నిజాము పాలన కాలమున తెలంగాణపు పల్లెలలో భూమి దొరలది, వెట్టి బీదలది. దొర యెదుట నోరు విప్పవలెనన్న మొదట ఈ మాట పలికి, తరువాత కావలసినది చెప్పుకొనవలెను. అట్టిచోట దొర యిచ్చిన గింజయైనను, ఆయన మన్నించిన బాకీయైనను ‘దయ’ యనియే పిలువబడెను. అడుగువాడు తన్ను తాను దాసిగ చెప్పుకొనిన పిమ్మట, ఇచ్చువాడు ఎంత ఇచ్చినను అది వదాన్యత యగునా? 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధ పోరాటమున సూర్యాపేట, హుజూర్‌నగరు, మిర్యాలగూడ తాలూకాలు ముందు నిలిచినవి. ఆ మాటయు ఆ భూమియు రెండును ఆ పోరాటమున ప్రశ్నింపబడినవి.

ఆ కల్లోలము పూర్తిగ చల్లారక ముందే, 1951 ఏప్రిలు మాసమున హైదరాబాదు దాపున శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. ఆచార్య వినోబా భావే వార్ధా దగ్గరి పౌనారునుండి నడచి దానికి వచ్చి, అది ముగిసిన తరువాత తెలంగాణపు పల్లెలు చూడ కాలినడకను బయలుదేరెను. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లి చేరెను. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. అప్పుడు నల్లగొండ జిల్లా. ఆ ఊరి హరిజనవాడలో నలువది కుటుంబములవారు ఆయనతో, మాకు భూమి కావలయుననిరి. ఎంత కావలయునని ఆయన అడిగెను. రఘువు కౌత్సుని అడిగినట్లే! వారు తమలో తాము లెక్కచూచుకొని, ఎనుబది యెకరములు చాలునని, అందు నలువది తరి, నలువది మెట్టయని చెప్పిరి. ఇది గమనింపదగినది. తరతరములుగ ‘నీ బాంచెను’ అని మొదలుపెట్టవలసి వచ్చిన నోళ్లు ఆనాడు కౌత్సునివలె లెక్కగా అడిగినవి. ఊరివారిలో ఎవరైన ఇయ్యగలరా యని వినోబా అడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరములు ఇచ్చెదననిరి. భూదానోద్యమము అట్లు పుట్టెను. తరువాత ఆ పాదయాత్రలో తెలంగాణమందే పండ్రెండువేలకు పైగా యెకరములు వచ్చెను.

దీనికి వినోబా పెట్టిన పేరు భూదానము. దానమను మాటలో భిక్షవాసన యున్నదని ఆక్షేపించినవారు కలరు. అందుకాయన శంకరాచార్యుల వ్యాఖ్యానమును చూపెను: దానమనగా సంవిభాగము, అనగా సరిగా పంచుకొనుట. ‘మీకు ఐదుగురు కొడుకులున్నచో నన్ను ఆరవవానిగ లెక్కించి నా పాలు నాకిండు’ అని ఆయన భూస్వాముల నడుగుచుండెను. బిచ్చగాడు వాకిట నిలిచి అడుగును. కొడుకు ఇంటిలో నిలిచి అడుగును. మన ‘దాయాది’ యను మాట దీనికి దగ్గరిది. దాయమనగా భాగము, దానిని పొందువాడు దాయాది. దాయాదులనిన మనకు తగవులే జ్ఞప్తికి వచ్చునుగాని, ఆ తగవునకు కారణము వాని హక్కును ఎవరును కాదనలేకపోవుటయే.

నిజము చెప్పవలెనన్న, భూదానమున వచ్చిన భూములన్నియు బీదల చేతికి చేరలేదు. కొన్ని రాళ్లు రప్పలు. కొన్ని వ్యాజ్యములలో చిక్కినవి. కొన్ని కాగితములమీదనే యుండిపోయినవి. మాట తీయనైనంత మాత్రమున పొలము పండదు. వదాన్యుడను మాటలో రెండర్థములున్నవని మొదటనే చెప్పితిని. ప్రియముగా మాటలాడి ఏమియు ఇయ్యనివానికి ఆ పేరు చెల్లదు. అయినను నాకు ఆ పోచంపల్లి సాయంత్రమున నచ్చినది ఆ ‘ఎంత?’ అను ప్రశ్నయు, దానికి వచ్చిన ‘ఎనుబది’ యను సమాధానమును. ఇటు యాచన లేదు, అటు దెప్పుట లేదు.

ఇక హమాలీ అడిగిన ప్రశ్న మిగిలియున్నది. పుస్తకములు ఎవరివి?

నేను ఆ కట్టలను మరల విప్పి, పుస్తకాలయములోని ఒక బీరువాలో సర్దితిని. జాబితాను చింపివేసితిని. లోపలి అట్టమీద దాతల పేర్లు వ్రాయవలెనని కొందరు కోరిరి. ఇచ్చినవారిలో పెద్దయైన ఆమె యొకరు, అక్కరలేదు, బడి పేరు వ్రాయుడనెను. ఇచ్చినవారెవరో తెలిసిన నేను ఆమెను మనస్సులోనే వదాన్యురాలనుకొంటిని. జూన్ మాసమున ఏ తరగతివారైనను, కొనగలవారైనను కొనలేనివారైనను, వచ్చి చేవ్రాలు చేసి తీసికొని, ఏప్రిలులో తిరిగి యియ్యవలెనని నియమము పెట్టితిమి. పుస్తకములు బడివి, బడి పిల్లలది యని ఆ తండ్రికి కబురు పంపితిని. ఆయన మారుమాట పంపలేదు. సోమవారమున పిల్లవాడు వచ్చి, రిజిష్టరులో తన పేరు తానే వ్రాసికొని, నాలుగు పుస్తకములు తీసికొనిపోయెను.

ఏప్రిలులో అవి తిరిగి వచ్చినవి. నాలుగింటికిని వార్తాపత్రికతో అట్టలు వేసియుండెను. లెక్కల పుస్తకమున అంతకుముందే చినిగియున్న రెండు పుటలు అన్నపు మెతుకులతో అతికించియుండెను. ఎవరు అతికించినదని అడుగగా, ‘‘మా నాయిన’’ అనెను.